చట్టంలో ఒక ‘ఎల్స్’

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ‘ఎల్స్’ సంగతి తెలుసు. అందరూ ‘ఇఫ్’ దారినే పోతుంటారు. ‘ఎల్స్’ ఏ మూలో పడి ఉంటుంది. ఎవరైనా అటు వెళ్ళినప్పుడే అది పనిచేస్తోందో లేదో తెలిసేది. ఇంగ్లండు విద్యా చట్టంలో అలాంటిదొకటుంది.

1944 చట్టం 36వ సెక్షను పిల్లల చదువు బాధ్యతని తల్లిదండ్రుల మీద పెట్టింది. పిల్లల వయసుకీ, శక్తికీ తగిన చదువు చెప్పించాలి, బడికి పంపి గానీ, ‘ఆర్ అదర్‌వైజ్’, అంటే మరో విధంగా గానీ. తప్పనిసరి అయ్యింది చదువు, బడి కాదన్నమాట. 1996 చట్టం ఏడో సెక్షనులోకీ ఈ మాట అలాగే వచ్చింది. ‘బడికి పంపకపోతే కేసు పెడతారట’ అని ఇక్కడ మనవాళ్ళు చెప్పుకునేదాంట్లో అందుకే సగమే నిజం.

అయితే చట్టంలో మాట ఉంటే సరిపోతుందా? నార్‌ఫోక్‌లో జాయ్ బేకర్ అనే తల్లి 1950ల్లో పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తానని పట్టుబట్టింది. అధికారులతో, కోర్టులతో ఏళ్ళ తరబడి పోరాడి చివరికి గెలిచింది. ఆ కథనే 1964లో ‘చిల్డ్రన్ ఇన్ ఛాన్సరీ’ అనే పుస్తకంగా రాసింది. బాగానే ఉంది. కానీ మరో ఊళ్ళో ఇంకో తల్లి మళ్ళీ అఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందేగా?

ఈ చిక్కుకి జవాబు 1977లో దొరికింది. కొద్దిమంది తల్లిదండ్రులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు చట్టంలోంచే తీసుకున్నారు: ‘ఎడ్యుకేషన్ అదర్‌వైజ్’. అదే ఏడాది అమెరికాలో జాన్ హోల్ట్ ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక మొదలుపెట్టాడు. ఇలాంటి సంఘాలు చేసే పని చూడ్డానికి చిన్నదే. చట్టం ఏమంటుందో చెప్పడం, అధికారుల ఉత్తరానికి జవాబెలా రాయాలో చూపించడం, పిల్లలకి తోటిపిల్లల్ని కలపడం. అయినా ఒకరి అనుభవం పదిమందికి అక్కరకొచ్చేది ఇలాగే.

1981లో హారిసన్ దంపతుల కేసులో వూస్టర్ క్రౌన్ కోర్టు ‘తగిన చదువు’కి అర్థం చెప్పింది. పిల్లలు నేటి సమాజంలో బతకడానికి సిద్ధం కావాలి, తమ శక్తి మేరకు ఎదగాలి. బడి పాఠాల నకలు కాదు, ఫలితం చూడమన్నమాట.

గొడవ అక్కడితో తీరలేదు. ఇంట్లో చదివే పిల్లల పేర్లు నమోదు చేయాలని 2009లో బ్యాడ్‌మన్ నివేదిక సిఫారసు చేసింది. కుటుంబాలు గట్టిగా ఎదిరించాయి. బిల్లులోని ఆ భాగాన్ని 2010 ఏప్రిల్లో వదిలేశారు. 2024 డిసెంబరులో పార్లమెంటుకొచ్చిన బిల్లులో రిజిస్టరు మళ్ళీ ప్రత్యక్షమైంది.

బడి మాన్పించి అసలేమీ నేర్పకపోతే ఎలా అన్న ప్రశ్న కొట్టిపారేసేది కాదు. నాకూ ఆ భయం ఉంది. కానీ రిజిస్టరులో పేరుంటే పిల్ల ఉందని తెలుస్తుంది, ఎలా ఉందో తెలియదు. వారానికోసారి నాలుగు కుటుంబాలు కలిస్తే, చదువు సాగని ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది. దండించడానికి కాదు, చెయ్యందించడానికి. సంఘం హక్కుకే కాదు, పిల్లలకీ కాపలా.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా ఊళ్ళో పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవి రెండున్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ముందు వాళ్ళని భోజనానికి పిలవాలి. లాభాపేక్ష లేని సంస్థ, నియమావళి వగైరాలు తర్వాత చూసుకోవచ్చు. ఏమంటారు?