కజ్జా, రుజువు

పాతబస్తీ శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాను 1876లో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ స్థాపించారు. అటువంటి మదర్సాల సంప్రదాయ చదువులో తర్కశాస్త్రం పేరు మంతిఖ్. మంతిఖ్ చదివే కుర్రవాడికి తొలి పాఠాల్లోనే ఒక మాట తగులుతుంది: ఖజియా. ఏ వాక్యం పలికినవాణ్ణి ‘నిజం చెప్పావు’ అనో ‘అబద్ధం చెప్పావు’ అనో అనడానికి వీలుంటుందో, ఆ వాక్యం ఖజియా. మన పదో తరగతి లెక్కల్లో ఒకప్పుడు ‘ప్రవచనాలు – సమితులు’ అని పాఠం ఉండేది. అందులోని ప్రవచనం ఇదే.

ఈ ఖజియాను మీరు చిన్నప్పటి నుంచీ ఎరుగుదురు. గిల్లికజ్జాలో ఉన్న కజ్జా ఇదే. (భూములు మింగే కబ్జా వేరు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.) అరబీలో దీని ధాతువుకు తీర్పు చెప్పడమని అర్థం. తీర్పు చెప్పేవాడు ఖాజీ, తీర్పు కోసం నిలబడ్డ మాట ఖజియా. అరబీలో కోర్టు వ్యాజ్యాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు. మరాఠీ కజ్జాకు వ్యాజ్యం, తగువు రెండూ అర్థాలే. తెలుగులోకి వచ్చేసరికి ఖాజీ దూరమయ్యాడు, తగువొక్కటే మిగిలింది. ఈ మార్పు నాకు చాలా సహజంగా తోస్తుంది. అవుననో కాదనో తేలాల్సిన మాటను తేల్చకుండా వదిలేస్తే అది కజ్జా కాక ఏమవుతుంది?

ఖాజీ ముందు పలికే ప్రతి మాటా ఖజియా కాదు. నిఖాలో పెళ్లికూతురు ‘ఖుబూల్ హై’ అంటుంది. ఆ మాటను నిజమని గానీ అబద్ధమని గానీ ఎవరూ అనలేరు. అది ఉన్న సంగతిని చెప్పడం లేదు, లేని బంధాన్ని ఆ క్షణాన పుట్టిస్తోంది. ఆ పెళ్లి జరిగిందని మర్నాడు పక్కింటావిడ చెప్పే మాట మాత్రం ఖజియా. ఈ తేడా అరబీ పండితులకు బాగా తెలుసు. సంగతి చెప్పే వాక్యాన్ని వాళ్లు ఖబర్ అన్నారు. మన కబురు అదే, కబుర్లూ అవే.

చార్మినార్‌ను 1591లో కట్టారన్నది ఖజియా, దాని సత్యవిలువ నిజం. చార్మినార్ కింది నుంచి గోల్కొండ కోటకు సొరంగం ఉందన్నదీ ఖజియాయే. పాతబస్తీలో ఈ కథ వినని ఇల్లుండదు. సొరంగం ఉంటే ఉంది, లేకపోతే లేదు, మన నమ్మకంతో దానికి పనిలేదు. అయినా ఇప్పటిదాకా అది రుజువు కాలేదు. రుజువు కానంత మాత్రాన అబద్ధమైపోదు, నలుగురూ చెప్పుకున్నంత మాత్రాన నిజమూ అయిపోదు. నిజం కావడం ఒకటి, రుజువు కావడం మరొకటి.

ఈ రుజువు అనే మాటే నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఒకసారి పురానీ హవేలీ దగ్గర దస్తావేజులు రాసే ఒక పెద్దాయనతో, నా విరిగిన ఉర్దూలో, ‘దీనికి రుజూ కావాలి’ అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, ‘మీకు కావలసింది సబూత్, సాబ్. రుజూ అంటే తిరిగి వెళ్లడం’ అన్నారు. నిజమే. తలాఖ్ చెప్పిన భర్త ఇద్దత్ గడువులోగా భార్యను తిరిగి స్వీకరిస్తే దాన్ని రుజూ అంటారు. అలా చెబుతూనే ఆయన తన పనిలో పడ్డారు. ఎడమచేతి వేలు పాత కాగితం మీద, కుడిచేతిలో కలం కొత్త కాగితం మీద. ఒక్కో పేరు దగ్గరా, ఒక్కో సర్వే నంబరు దగ్గరా ఆగి, పాతదాన్ని చూసి కొత్తదాని పక్కన చిన్న గీత పెడుతున్నారు. నకలు నుంచి అసలుకు, మళ్లీ నకలుకు.

రుజూ రుజువుగా మారిన దారి నాకక్కడ కనిపించింది. మరాఠీలో రుజువాత్ అంటే సరిగ్గా ఇదే, నకలును అసలుతో పోల్చి చూడడం. కన్నడంలో రుజు అంటే సంతకం. ఈ అసలు కూడా అరబీ మాటే, వేరు అని అర్థం. దాని బహువచనం ఉసూల్. యూక్లిడ్ రేఖాగణిత గ్రంథానికి అరబీలో పెట్టిన పేరు అదే, ఉసూల్! లెక్కల్లో ఏ సిద్ధాంతాన్నయినా రుజువు చేయడమంటే మెట్టు మెట్టుగా వెనక్కి నడిచి, అందరూ ముందే ఒప్పుకున్న అసళ్ల దగ్గరికి చేరడమే కదా.

వెనక్కి నడిచేటప్పుడు కాలు జారే చోటు ఒకటుంది. పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణంలో ముత్యాన్ని పంటికి రాసి చూడమంటారు. గరుకుగా తగిలితే అసలుదని ధీమా. ‘సహజ ముత్యమైతే గరుకుగా ఉంటుంది, ఇది గరుకుగా ఉంది, కాబట్టి ఇది సహజ ముత్యం’ అని మనసు లెక్క కట్టేస్తుంది. మొదటి రెండు మాటలూ నిజమే, మూడోది మాత్రం వాటి నుంచి రాదు. కల్చర్డ్ ముత్యమూ పంటికి గరుకే. ముత్యం నున్నగా జారిపోతే మాత్రం అది సహజ ముత్యం కాదని ధైర్యంగా చెప్పవచ్చు. పన్ను కాదనగలదు, అవునని రుజువు చేయలేదు.

తెలుగువాళ్లు మంతిఖ్‌లోని ఖజియాను తగువుకు దించారు. మంతిఖ్‌తో పనిలేని రుజూను తర్కానికి శిఖరం చేశారు. ఆ రెండో పని చేసినందుకు నాకు మన భాష మీద గౌరవం. అందుకే రాసేవాళ్లకు ఒక మనవి. తిన్ననిదనే అర్థమున్న సంస్కృత పదాన్ని తలచుకుని దీన్ని ‘ఋజువు’ అని రాస్తున్నారు. ఆ ఋకారంతో తిరిగి వెళ్లడమన్న అర్థం కనుమరుగవుతోంది. దయచేసి ‘రు’తోనే రాయండి.