జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం

హైదరాబాదు పశ్చిమ భాగాన గచ్చిబౌలిలో ఉన్న ఈ క్రీడాప్రాంగణం, 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడలకూ, 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలకూ వేదికగా నిర్మితమైంది. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు గంటి మోహనచంద్ర బాలయోగి పేరును దీనికి పెట్టారు.

మధ్యలో పచ్చిక ఫుట్‌బాల్ మైదానమూ, దాని చుట్టూ సింథటిక్ ట్రాక్, అనగా రబ్బరు వంటి కృత్రిమ పదార్థంతో పరచిన పరుగుబాటా ఉన్నాయి. ఈ ఏర్పాటువల్ల రెండు రకాల పోటీలకూ ఒకే ప్రాంగణం సరిపోతుంది గాని, ప్రేక్షకులు ఫుట్‌బాల్ ఆటకు కొంత దూరమవుతారు. సుమారు 30,000 మంది కూర్చొని చూడవచ్చు.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సి దీనిని సొంత మైదానంగా చేసుకొంది. ఆ జట్టు 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచినా, కోవిడ్ కారణంగా ఆ పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. 2024 సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ జట్లు తలపడిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడే జరిగింది. మారిషస్‌తో గోల్ లేకుండా సమంగా ముగించిన భారత్, సిరియా చేతిలో 0–3తో ఓడగా, సిరియా కప్పు గెలుచుకొంది.