నిరాశ్రయుల ఆశ్రయాలకు ప్రభుత్వ గ్రాంట్లు: కవరైపేట్టై పరిసరాల చరిత్ర

ఇల్లు లేక రోడ్డు పక్కన, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, ఫ్లైఓవర్ల కింద రాత్రులు గడిపేవారికి బస, స్నానం, భోజనం, వైద్యం అందించడానికి ప్రభుత్వం ఇచ్చే నిధులు, వాటిని కోరుతూ మున్సిపాలిటీలు, స్వచ్ఛంద సంస్థలు పెట్టుకునే దరఖాస్తులు ఈ వ్యాస విషయం. తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లా, గుమ్మిడిపూండి తాలూకాకు చెందిన కవరైపేట్టై నుంచి చూస్తే ఈ చరిత్రలోని మంచీ చెడ్డా రెండూ తేటగా కనిపిస్తాయి. చెన్నై–గూడూరు రైలు మార్గంలో పొన్నేరి దాటగానే వచ్చే స్టేషను ఇది, తరవాతిది గుమ్మిడిపూండి. ఒకప్పటి జి.ఎన్.టి. రోడ్డు, ఇప్పటి 16వ జాతీయ రహదారి, ఈ ఊరి మీదుగానే ఆంధ్ర సరిహద్దు వైపు సాగుతుంది. గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలకు, జిల్లాలోని ఇటుక బట్టీలకు దూర రాష్ట్రాల నుంచి కూలీలు వస్తుంటారు. ఇంత రాకపోకలున్నా ఇది పంచాయతీ ఊరే. నిరాశ్రయుల కోసం దేశంలో వచ్చిన ప్రధాన గ్రాంటు మాత్రం పట్టణాలకే.

సత్రాల కాలం

మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే బాటల వెంట సత్రాలు కట్టించడం రాజులు, జమీందార్లు, వర్తకులు చేసిన పని. వాటికి మాన్యాలుండేవి. ఆ భూముల ఆదాయం సత్రానికే చేరుతోందా అన్న ప్రశ్న ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి ఎదురైంది. 1817లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 7వ రెగ్యులేషన్ గుళ్ళు, మసీదులతో పాటు వంతెనలు, సత్రాల మాన్యాల పర్యవేక్షణను కూడా రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1863లో ప్రభుత్వం మత సంస్థల నిర్వహణ నుంచి తప్పుకుంది గానీ, సత్రాల బాధ్యత వదులుకోలేదు. 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాక చాలా సత్రాలు ఆ బోర్డుల చేతికి వెళ్ళాయి. స్థానిక సంస్థ పద్దులో బస కోసం ఖర్చు రాసుకోవడం ఈ ప్రాంతంలో అంత పాతది.

అయితే సత్రం బాటసారిది. పొద్దున లేచి ముందుకు సాగిపోవాల్సిన మనిషి కోసం కట్టింది. పోవడానికి చోటే లేని మనిషి సంగతి కరువుల్లోనే ప్రభుత్వం కంటికి ఆనింది. 1782లో, హైదర్ అలీతో యుద్ధమూ కరువూ కలిసి జనాన్ని మద్రాసుకు తరిమిన రోజుల్లో, నగరానికి ఉత్తరాన గంజి పోసే కేంద్రంగా మొదలైంది మణియక్కారర్ సత్రం. దానికి వైద్యశాల తోడై, ప్రభుత్వ సాయంతో నిలదొక్కుకుంది. నేటి స్టాన్లీ ఆసుపత్రికి మూలం అదే. తిండి, పడక, మందు ఒకే కప్పు కింద ఉండాలని అప్పుడు ఎవరూ సిద్ధాంతం చేయలేదు, అవసరమే అలా చేయించింది. ఆ తరవాతి రెండు శతాబ్దాల్లో ప్రభుత్వ పథకాలు ఈ మూడింటినీ విడదీసి, మళ్ళీ కలపడానికి ఎంతో శ్రమ పడ్డాయి.

శిక్ష నుంచి పడక దాకా

1945లో మద్రాసు భిక్షాటన నిరోధక చట్టం వచ్చింది. బిచ్చమెత్తడం నేరమైంది. పట్టుబడ్డవారిని ఉంచడానికి ప్రభుత్వ శిబిరాలు ఏర్పడ్డాయి. తిరువళ్ళూరు జిల్లాలో పూందమల్లి దగ్గరి మేల్పాక్కం శిబిరం వాటిలో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి చట్టం 1977లో వచ్చింది. ఇల్లు లేనివారి మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చులో పెద్ద పాలు చాలాకాలం ఈ దారిలోనే పోయింది. ఆ డబ్బుతో వచ్చిన కప్పు కింద మనిషి ఇష్టపడి ఉన్నాడా అన్న ప్రశ్న ఆ చట్టాల్లో లేదు. ఇది ఆ కాలపు పెద్ద లోపం.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కులో బతుకుతెరువు హక్కూ ఉందని చెప్పింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళు తెచ్చిన కేసు అది. వాళ్ళను ఖాళీ చేయించడం ఆగలేదు గానీ, పేవ్‌మెంటు మీది మనిషికీ హక్కులున్నాయన్న మాట రికార్డుకెక్కింది. ఆ దశాబ్దం చివర్లో కేంద్రం ఫుట్‌పాత్ వాసుల కోసం రాత్రి బసల పథకం తెచ్చి, అమలును గృహనిర్మాణానికి అప్పులిచ్చే తన సంస్థ హడ్కోకు అప్పగించింది. కొంత సబ్సిడీ, మిగతాది అప్పు. చిక్కంతా ఆ అప్పులోనే ఉంది. పైసా రాబడి లేని భవనం కట్టి దాని మీద వాయిదాలు తీర్చడానికి ఏ మున్సిపాలిటీ ముందుకొస్తుంది? పైగా ఆ డబ్బు కట్టడానికే. కాపలా మనిషి జీతం, నీటి బిల్లు, దుప్పట్లు ఉతికించే ఖర్చు ఎవరివో పథకం చెప్పలేదు. 2002లో నిబంధనలు సడలించి సబ్సిడీ వాటా పెంచినా పెద్దగా కదలిక రాలేదు. 2005లో కేంద్రం పథకాన్ని రాష్ట్రాలకే వదిలేసింది.

2010 చలికాలం

మలుపు ఢిల్లీలో వచ్చింది. 2009 డిసెంబరులో పూసా రోడ్డు దగ్గరి తాత్కాలిక ఆశ్రయాన్ని నగర పాలక సంస్థ కూల్చేసింది. చలికి ప్రాణాలు పోయాయి. అప్పటికే పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో వేసిన ఆహార హక్కు కేసు సుప్రీంకోర్టులో నడుస్తోంది. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో కోర్టుకు లేఖ రాశారు: తిండి ఉన్నా చలిలో బయట పడుకునే మనిషి బతకడు, కాబట్టి ఆశ్రయం కూడా ఈ కేసులో భాగమేనని. అదే నెలలో కోర్టు ఢిల్లీకి, తరవాత దేశంలోని పెద్ద నగరాలన్నిటికీ ఆదేశాలిచ్చింది. లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, అది రాత్రికే పరిమితం కాకుండా పగలూ రాత్రీ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి అన్నది వాటి సారం.

చెన్నైలో, హైదరాబాదులో, విశాఖలో పని కదిలింది ఈ ఆదేశాల తరవాతే. చెన్నై కార్పొరేషన్ తన భవనాలను ఆశ్రయాలుగా మార్చి నడిపే బాధ్యత స్వచ్ఛంద సంస్థలకిచ్చింది. హైదరాబాదులో నగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఆశ్రయాలను అమన్ వేదిక వంటి సంస్థలు నడిపాయి. బేగంపేట ఫ్లైఓవర్ కింది బస వాటిలో బాగా తెలిసినది. విశాఖలో నగర పాలక సంస్థ ఆశ్రయాల నిర్వహణను ఏయూటీడీ అనే స్వచ్ఛంద సంస్థ చేపట్టింది. భవనం కార్పొరేషన్‌ది, మనుషులు సంస్థవాళ్ళు, డబ్బు ప్రభుత్వానిది అన్న పంపకం ఇక్కడే స్థిరపడింది.

జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్

2013 సెప్టెంబరు 24న జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మొదలైంది. పట్టణ నిరాశ్రయుల ఆశ్రయ పథకం అందులో ఒక భాగం. దాని మార్గదర్శకాలను చదివితే, గత పథకాల తప్పులు తెలిసినవాళ్ళు రాశారని అర్థమవుతుంది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు. వంటగది, స్నానపు గదులు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స. ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుల్లో పనిచేసే ముగ్గురు కేర్‌టేకర్లు. ఆశ్రయం ఉండాల్సింది ఊరి బయట ఖాళీ జాగాలో కాదు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల వంటి ఇల్లు లేనివారు ఎక్కువగా ఉండే చోట్ల. ఒంటరి ఆడవాళ్ళకు, వృద్ధులకు, జబ్బుపడ్డవారికి వేరే ఆశ్రయాలు. అన్నిటికన్నా విలువైనది నిర్వహణ గ్రాంటు: 50 మంది ఆశ్రయానికి ఏడాదికి 6 లక్షల రూపాయలు, ఐదేళ్ళ పాటు. కప్పు కింద జరగాల్సిన పనికి కూడా డబ్బు పెట్టాలని కేంద్రం లెక్క కట్టి చెప్పింది ఇక్కడే. కేంద్ర, రాష్ట్రాల వాటాలు మొదట 75, 25 శాతం. తరవాత 60, 40 శాతమయ్యాయి.

దరఖాస్తు మాత్రం స్వచ్ఛంద సంస్థ నేరుగా ఢిల్లీకి పంపేది కాదు. మున్సిపాలిటీ తన పరిధిలో ఇల్లు లేనివారి సర్వే చేయించాలి, స్థలం చూపించాలి, ప్రపోజల్ తయారుచేసి రాష్ట్ర స్థాయి మంజూరు కమిటీకి పంపాల్సి ఉండేది. కమిటీ ఒప్పుకున్నాక నడిపే సంస్థ కోసం మున్సిపాలిటీ ప్రకటన ఇచ్చేది. అప్పుడు వచ్చేది సంస్థ వంతు: సొసైటీ రిజిస్ట్రేషన్, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు, ఆడిట్ లెక్కలు, ఇలాంటి పని చేసిన అనుభవానికి రుజువులు. డబ్బు వాయిదాల్లో వచ్చేది. ముందు వాయిదాకు యూసీ, అంటే వినియోగ పత్రం, పంపితే గానీ తరవాతి వాయిదా కదిలేది కాదు. లెక్క అడగడం న్యాయమే. కానీ ఆ మధ్యకాలంలో కేర్‌టేకర్ జీతం, బియ్యం, కరెంటు బిల్లు ఆగేవి కావు. వెనక నిధి ఉన్న సంస్థ తట్టుకునేది. ఊళ్ళో పదిమందికి రోజూ అన్నం పెడుతున్న చిన్న సంఘం తట్టుకోలేకపోయేది. నిరాశ్రయులను పేరుపేరునా ఎరిగిన వాళ్ళు ఈ ప్రక్రియలో ముందే రాలిపోవడం ఈ పద్ధతిలోని అసలు నష్టం.

నిధులున్నా ఖర్చు కాకపోవడం మరో కథ. పట్టణ నిరాశ్రయుల ఆశ్రయాలపై నడిచిన ఇ.ఆర్. కుమార్ కేసులో 2016 నవంబరులో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసి, ఆశ్రయాల లెక్కలు, వాటిలో సౌకర్యాలు, నిధుల వినియోగం పరిశీలించమంది. ఆశ్రయాలు చాలవనీ, ఉన్నవీ నిబంధనల ప్రకారం లేవనీ తేలింది. 2018లో కోర్టు రాష్ట్రాల్లోనూ కమిటీలు వేయించింది. స్థలం దొరకలేదు, సర్వే పూర్తికాలేదు అన్నవి రాష్ట్రాలు చెప్పిన కారణాలు. ఈ రెండూ మున్సిపాలిటీ తలుచుకుంటే తీరేవే.

రెండు స్టేషన్ల నడుమ

మిషన్ మొదట జిల్లా కేంద్రాలకు, లక్ష దాటిన పట్టణాలకు వర్తించింది. ఆ లెక్కన చిన్న పట్టణమే అయినా జిల్లా కేంద్రం కాబట్టి తిరువళ్ళూరుకు అర్హత దక్కింది. మురుగన్ కొండకు ఏడాది పొడవునా జనం వచ్చే తిరుత్తణికి దక్కలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణతో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన పట్టణం ఇది. ఇక్కడి మండపాల్లో పడుకునేవారిలో సరిహద్దుకు ఎటువైపు వారైనా ఉండవచ్చు. ఆశ్రయంలో చేరడానికి గుర్తింపు కార్డు అడ్డు కాకూడదనీ, కార్డు లేనివారికి ఆశ్రయమే తోడుండి ఇప్పించాలనీ మార్గదర్శకాల ఉద్దేశం. ఏ రాష్ట్రపు రేషన్ కార్డూ లేనివారికి ఇంతకన్నా పెద్ద మేలు లేదు. 2016 ఫిబ్రవరిలో మిషన్‌ను చట్టబద్ధ పట్టణాలన్నిటికీ విస్తరించారు. తిరుత్తణి అర్హమైంది. పేరూరాచ్చి (పట్టణ పంచాయతీ) హోదాలో ఉన్న పొన్నేరి, గుమ్మిడిపూండి కూడా అర్హమయ్యాయి. పొన్నేరి 2021లో మున్సిపాలిటీ అయింది. వాటి నడుమ స్టేషను కవరైపేట్టై మాత్రం గీత బయటే ఉండిపోయింది.

పొన్నేరి ప్లాట్‌ఫారం మీద పడుకున్న మనిషి పథకం లెక్కలోకి వచ్చేవాడు, అదే మనిషి తరవాతి స్టేషనులో దిగితే వచ్చేవాడు కాదు. 2011 జనగణన దేశంలో 17.73 లక్షల మందిని ఇల్లు లేనివారిగా లెక్కించింది. ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్క, మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద చేసిన లెక్క అది. అందులో 9.38 లక్షలు పట్టణాల్లో, మిగతా 8.35 లక్షలు గ్రామాల్లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 1.45 లక్షలు. దాదాపు సగం మంది గ్రామీణ ప్రాంతాల్లో ఉన్నారని తెలిసీ గ్రాంటును పట్టణాలకే కట్టడి చేయడం సరికాదు. 2020 లాక్‌డౌన్‌లో 16వ రహదారి వెంట ఉత్తరాదికి నడిచిన కూలీలకు ఈ గీత ఎంత అర్థం లేనిదో బయటపడింది.

అర్హత పొందిన చిన్న పట్టణాలకూ ఇబ్బంది ఉండేది. 50 పడకల కొలత పెద్ద నగరాల అవసరం చూసి పెట్టింది. ఇరవై మంది మాత్రమే ఉన్న ఊళ్ళో అంత భవనం ఖాళీగా కనిపించేది. ఖాళీగా ఉందన్న మాటే ఆడిట్‌లో అభ్యంతరమయ్యేది.

వేరే పథకాల దారి

గ్రామీణ ప్రాంతాల్లో పనిచేసే సంస్థలు ఈ కారణంగా సామాజిక న్యాయ శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల గ్రాంట్లను ఆశ్రయిస్తూ వచ్చాయి. 1992లో మొదలైన వృద్ధుల సమీకృత కార్యక్రమం, ఇప్పుడు అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగం, దిక్కులేని వృద్ధుల ఆశ్రమాలకు డబ్బిస్తుంది. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్ ద్వారా. కష్టంలో ఉన్న ఆడవాళ్ళ స్వధార్ గృహాలు 2022 నుంచి శక్తి సదన్‌లయ్యాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రారంభమైన స్మైల్ పథకంలో భిక్షాటన చేసేవారి పునరావాసం ఒక భాగం. 1945 నాటి శిక్ష ఆలోచన నుంచి చూస్తే ఇది పెద్ద దూరం. మానసిక జబ్బుతో వీధిన పడ్డవారి కోసం 1993లో చెన్నైలో మొదలైన ద బన్యన్ సంస్థ అనుభవం ఆధారంగా, 2018 నుంచి తమిళనాడు ప్రభుత్వం జిల్లాల్లో అత్యవసర సంరక్షణ, కోలుకునే కేంద్రాలు తెరిచింది. వీటిలో చాలావాటికి పట్టణమా పల్లెనా అన్న పట్టింపు లేదు. కానీ ప్రతి పథకమూ ఒక తరగతికే: వృద్ధులు, స్త్రీలు, భిక్షాటన చేసేవారు, రోగులు. పని దొరక్క, అద్దె కట్టలేక ప్లాట్‌ఫారం మీద పడుకున్న నలభై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి వీటిలో చోటు లేదు.

పట్టణ మిషన్ కాలం 2024లో ముగిసింది. ఐదేళ్ళ నిర్వహణ గ్రాంటు తీరిపోయిన ఆశ్రయాల ఖర్చు రాష్ట్రాలదీ, మున్సిపాలిటీలదీ. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. గ్రామాల్లో ఇల్లు లేనివారికి కూడా నిర్వహణ గ్రాంటు కావాలని అడిగే పంచాయతీలకు, సంస్థలకు చూపించడానికి కొత్త లెక్క ఆ తరవాతే చేతికి వస్తుంది. అంతవరకు కవరైపేట్టై లాంటి ఊరికి దగ్గరి దారి, పొన్నేరి మున్సిపాలిటీ ఇకపై ఏదైనా పథకం కింద వేసే ప్రపోజల్‌లో తమ స్టేషన్‌లో పడుకునేవారిని కూడా సర్వేలో కలపమని జిల్లా కలెక్టరును కోరడం.