వెలుపల బ్రతుకు కాలేయము

నఱికిన చెరకు గానుగ చేరుటకు జాగయినకొలది తీపి తగ్గునని ఉయ్యూరు ప్రాంతపు రైతులకు ఒకరు చెప్పనక్కఱలేదు. శరీరమునుండి వేఱుచేసిన కాలేయమును అట్టిదే. రక్తప్రసారము నిలిచినది మొదలు ప్రాణవాయువు లేక దాని కణములు నశింపసాగును. ఆ గడువును పొడిగించుటకు వైద్యులు పడిన పాట్లను గూర్చి యిచట కొంత వ్రాయుచున్నాము.

1935వ సంవత్సరమున న్యూయార్కు నగరమున అలెక్సిస్ కారెల్ అను శస్త్రవైద్యుడును, విమానచోదకుడు ఛార్లెస్ లిండ్‌బర్గును కలసి గాజుయంత్రమునందు పిల్లి కంఠగ్రంథిని దినములతరబడి సజీవముగ నిలిపిరి. భార్య అక్కగారి హృద్రోగమే లిండ్‌బర్గును ఈ పనికి పురికొల్పినదట. 1963లో థామస్ స్టార్‌జల్ డెన్వరునందు మనుష్యునకు తొలిసారి కాలేయమును మార్చెను. ఆ రోగి బ్రతుకలేదు. 1967లో గాని సాఫల్యము కలుగలేదు. యంత్రములు బరువైనవి, చిక్కైనవి, మంచుపెట్టె చౌక. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బెల్జర్, సదర్డ్ అనువారు శీతలద్రవమును కనుగొన్నపిమ్మట మంచుదే రాజ్యమాయెను. కాని మంచులో నిద్రించు కాలేయము మంచిదో చెడ్డదో తెలియు టెట్లు? క్రొవ్వుపట్టిన కాలేయములను వైద్యులు అనుమానముతోనే పాఱవేయుచుండిరి.

ఈ చిక్కును ఆక్స్‌ఫర్డువారు విడదీసిరి. పీటర్ ఫ్రెండ్ వైద్యుడు, కాన్‌స్టాంటిన్ కూసియోస్ యంత్రశాస్త్రజ్ఞుడు. వారి యంత్రము ప్రాణవాయువు నింపిన రక్తమును దేహోష్ణమున కాలేయపు ధమనిలోనికిని, ద్వారసిరలోనికిని పంపును. కాలేయము పైత్యరసమును స్రవించును. తాను జీవించియున్నానని తానే సాక్ష్యము చెప్పును! 2013లో లండనునందు ఇట్లు నిలిపిన కాలేయములను రోగులకు అమర్చిరి. 2018లో ప్రకటింపబడిన 220 శస్త్రచికిత్సల పరీక్షలో, పాఱవేయబడిన కాలేయములు మంచుపద్ధతితో పోల్చగా సగమయ్యెను. రోగుల ఆయువున మాత్రము చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. ఈ మాటను దాచనక్కఱలేదు. 2021 మే నెలలో జ్యూరిచ్ వైద్యులు, ఇతరులు నిరాకరించిన కాలేయమును మూడు దినములు యంత్రమున నుంచి ఒక రోగికి అమర్చిరి.

మన దేశములో త్వరపడుటయే నేటికిని ముఖ్యోపాయము. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు మెట్రోరైలు ఒక హృదయమును నాగోలునుండి జూబిలీహిల్సునకు మధ్య నెచటను ఆగక కొనిపోయెను.

ఎంతటి యంత్రమైనను గృహస్థుల సమ్మతి పిమ్మటనే పనిచేయును. బందరు రోడ్డుమీద ప్రమాదమున దెబ్బతిన్నవాని మెదడు మృతిచెందినదని, 1994వ సంవత్సరపు చట్టము ననుసరించి నలుగురు వైద్యులు, ఆరుగంటల యెడముతో రెండుమారులు పరీక్షించి నిర్ణయింతురు. గుండె కొట్టుకొనుచునే యుండును. మేను వెచ్చగానే యుండును. తల్లికి ఇది మరణమని నమ్మకము కలుగుట ఎంత కష్టము! అవయవము తీసినచో మఱుజన్మమున అది లేక పుట్టునని పెద్దలు భయపెట్టుటయు కలదు. చితిలో భస్మమగు కాలేయమునకు లేని దోషము, మఱియొకని దేహమున బ్రతుకుదానికి ఎట్లు వచ్చునో వారే చెప్పవలెను. ఆ తల్లియొద్ద కూర్చుండి నెమ్మదిగా చెప్పగలవారిని ప్రతి పెద్ద ఆస్పత్రిలోను నియమించుటయు, వెలగల యీ యంత్రమును జీవన్‌దాన్ పక్షమున ఆస్పత్రులన్నిటికి ఉమ్మడిగ నుంచుటయు ప్రభుత్వమువారు చేయదగిన పనులని మా యభిప్రాయము.