ఎవరిదీ కాని దుప్పి

2004. చలికాలం చివరి రోజులు. స్కాట్లండ్ ఉత్తరాన కెయిర్న్‌గార్మ్స్ పర్వతాల నడుమ గ్లెన్‌ఫెషీ లోయ. మంచు కప్పిన శిఖరాల మీదుగా వచ్చిన హెలికాప్టర్ చప్పుడుకు లోయంతా మారుమోగింది. గంటల తరబడి ఎక్కితే గానీ చేరలేని గట్ల మీద మనుషులు దిగారు. అందరి భుజాలకీ తుపాకులున్నాయి. ప్రభుత్వ జింకల కమిషన్ పంపిన వేటగాళ్లు వాళ్లు. కాసేపటికి కాల్పులు మొదలయ్యాయి.

ఆ వార్త స్కాట్లండ్‌ను కుదిపేసింది. అందరికన్నా ముందు మండిపడింది జంతు ప్రేమికులు కాదు, తరతరాలుగా ఆ కొండల్లో దుప్పులను కాస్తున్న గేమ్‌కీపర్లు. దుప్పిని కాల్చడం వాళ్లకు కొత్తేమీ కాదు, అది వాళ్ల వృత్తి. కానీ హెలికాప్టర్లు పెట్టి మందలను పడగొట్టడాన్ని వాళ్లు వేటగా ఒప్పుకోలేదు. మంద పోతే తమ కొలువులూ పోతాయన్న భయం దానికి తోడైంది. నిరసనలు జరిగాయి.

పరిస్థితి అంతదాకా ఎందుకు వచ్చింది?

ముగ్గురు ఇరుగుపొరుగు

అక్కడి రెడ్ డీర్ మన కణుజు కుటుంబానికి చెందిన జంతువే. దాన్ని వేటాడే తోడేళ్లు స్కాట్లండ్‌లో 17, 18 శతాబ్దాల నాటికే అంతరించాయి. విక్టోరియా రాణి కాలంలో కొమ్ముల దుప్పి వేట ధనికులకు మోజైంది. 1851 నాటి 'మోనార్క్ ఆఫ్ ద గ్లెన్' చిత్రంతో దుప్పికి రాజసం తెచ్చిపెట్టిన ఎడ్విన్ లాండ్‌సీర్, గ్లెన్‌ఫెషీకి తరచూ వచ్చి బొమ్మలు గీసుకున్నవాడే. వేటకు ఎంత గిరాకీ ఉంటే ఆ కొండల్లోని వేట ఎస్టేటుకు అంత విలువ. కొమ్ములున్న మగదాన్ని ఏరి కాల్చేవారు. ఈనే ఆడదాన్ని చాలినంతగా తగ్గించేవారు కాదు. మంద పెరిగిపోయింది.

అక్కడి చట్టం ప్రకారం బతికున్న అడవి దుప్పి ఎవరి సొత్తూ కాదు. కాల్చే హక్కు మాత్రం అది ఆ క్షణాన ఎవరి నేల మీద నిలబడితే వారిది. తగాదా అంతా ఇక్కడే పుట్టింది. ఆడ దుప్పులు పుట్టిన చోటును అంత తేలిగ్గా వదలవు. మగవి మాత్రం అక్టోబరు ఎద కాలంలో రంకెలు వేసుకుంటూ మైళ్లు దాటిపోతాయి. ఒక ఎస్టేటులో చలికాలం గడిపిన మగ దుప్పి ఇంకో ఎస్టేటు అతిథి తుపాకీకి బలవుతుంది. మూడో ఎస్టేటువాళ్లు నాటుకున్న మొక్కలను మేసి పోతుంది. నా మేత తిన్నది కాబట్టి నాదంటాడు ఒకడు. నా హద్దులోకి వచ్చింది కాబట్టి నాదంటాడు ఇంకొకడు. నా అడవిని తిన్నందుకు ఎవరిని అడగాలంటాడు మూడోవాడు. ముగ్గురి మాటలోనూ న్యాయముంది.

1959లోనే పార్లమెంటు చట్టం చేసి రెడ్ డీర్ కమిషన్‌ను పెట్టింది. ఎస్టేటు యజమానులు, రైతులు, అటవీ శాఖ, ప్రకృతి సంస్థలు ఒకే బల్ల చుట్టూ కూర్చునే జింకల నిర్వహణ బృందాలు తర్వాతి దశాబ్దాల్లో ఏర్పడ్డాయి. 1992లో వాటన్నిటికీ ఒక సంఘం వచ్చింది. అయినా మాట వినితీరాలన్న నిర్బంధం లేదు. ఒకడు తన మందను తగ్గిస్తే పక్కవాడి మంద ఆ ఖాళీలోకి జారుతుంది. అందుకే ఎవరూ ముందడుగు వేయలేదు.

మోకాలెత్తు ముసలి చెట్లు

ఆ వెనుకంజకు చెల్లించిన మూల్యం గ్లెన్‌ఫెషీలో కళ్లకు కట్టినట్టు కనిపించేది. స్కాట్స్ పైన్ మహావృక్షాలు ఉన్నాయి, వాటి కింద పిల్ల చెట్లు లేవు. హెదర్ పొదలు విడదీసి చూస్తే మోకాలి ఎత్తు పైన్ మొక్క దొరికేది. మొక్కంటే మొక్క కాదు. కొస చిగురు మొలిచినప్పుడల్లా దుప్పి కొరికేయడంతో ఏళ్ల తరబడి అక్కడే గిడసబారిన చెట్టు అది. పాత చెట్లు ఒక్కొక్కటే కూలుతుంటే వాటి చోట నిలిచే తరం లేదు. దుప్పులకూ సుఖం లేదు. మేత చాలక బక్కచిక్కినవి చలికాలం చివర్లో చచ్చేవి.

కంచె వేస్తే సరిపోదా అంటే, పైన్ అడవుల్లో బతికే కాపర్‌కేలీ అనే పెద్ద పక్షి కంచెలకు గుద్దుకొని చస్తోంది. పైగా కంచె దుప్పిని తగ్గించదు, పక్కవాడి మీదికి తోస్తుంది.

చివరికి హెలికాప్టర్ వచ్చింది.

లార్డర్‌లో లెక్క

2006లో డెన్మార్క్ వ్యాపారి ఆండర్స్ హోల్చ్ పావ్‌ల్సన్ గ్లెన్‌ఫెషీని కొన్నాడు. వేట రాబడి కంటే అడవి ముఖ్యమన్నాడు. దుప్పులను తగ్గించే పని ఏటా సాగింది.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. అక్కడ దుప్పులను వెతికి కాల్చే ఉద్యోగిని స్టాకర్ అంటారు. ఆడ దుప్పులను కాల్చే కాలం మంచులోనే, అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా. గాలికి ఎదురుగా, తడి నేల మీద పొట్టతో పాకుతూ దగ్గరికి వెళ్లాలి. తల్లి వెంట పిల్ల ఉంటే పిల్లనూ కాల్చాలి. తల్లి లేని పిల్ల చలికి, ఆకలికి నలిగి చస్తుంది కాబట్టి అదే మేలని వాళ్ల నియమం. చదివేవాళ్లకు గుండె బరువెక్కే మాటే. చేసేవాళ్లకూ తేలిక కాదు.

కళేబరం లార్డర్ అనే చల్లటి గదికి చేరుతుంది. అక్కడ తూకం వేస్తారు. కింది దవడ పళ్ల అరుగుదల చూసి వయసు కడతారు. పొదుగులో పాలున్నాయా అని చూస్తారు. మాంసం అమ్మకానికి పోతుంది, లెక్క పుస్తకంలోకి ఎక్కుతుంది. కొండ మీద మరికొందరు గడి గీసుకొని పెంటికలు లెక్కపెడతారు, కొస చిగురు తెగిన మొక్కలెన్నో రాస్తారు. పొరుగువారి బృందంలో వాదన నిలిచేది ఈ లెక్కల మీదే.

చదరపు కిలోమీటరుకు పదుల్లో ఉన్న దుప్పులు గ్లెన్‌ఫెషీలో ఒకటి రెండుకు తగ్గాయి. కంచె లేకుండానే పైన్, బర్చ్ మొక్కలు లేచాయి. నది ఒడ్డు రాళ్ల మధ్య కూడా చెట్లు నిలిచాయి.

తూర్పున మార్ లాడ్జ్ ఎస్టేటులో కథ ఇంకోలా నడిచింది. 1995లో దాన్ని కొన్న నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ దుప్పులను తగ్గిస్తుంటే, తమ మగ దుప్పులు అటు వెళ్లి చస్తున్నాయని పొరుగువారు గోల పెట్టారు. స్వతంత్ర కమిటీ కూర్చుంది. చివరికి పైన్ అడవి తిరిగి లేవాల్సిన భాగంలో దుప్పి ఉండకూడదని, మిగతా కొండ మీద వేటకు సరిపడా ఉండవచ్చని ఎస్టేటును విభజించుకున్నారు. అడవీ లేచింది, పొరుగూ నిలిచింది.

గ్లెన్‌ఫెషీ ఇప్పుడు ఒంటరి కాదు. పావ్‌ల్సన్ సంస్థ, పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ, రెండు ప్రభుత్వ సంస్థలు కలిసి కెయిర్న్‌గార్మ్స్ కనెక్ట్ పేరుతో 600 చదరపు కిలోమీటర్లను ఒక్క కొండగా చూసుకుంటున్నాయి. వాళ్ల ప్రణాళిక గడువు 200 ఏళ్లు.

మన చేలలో

కృష్ణా తీరంలో మక్తల్ చేలకు, కర్నూలు నల్లరేగళ్లకు కృష్ణజింకలు దిగే కాలంలో రైతు రాత్రంతా మేలుకుంటాడు. ఒక చేనులోంచి తరిమితే అవి పక్క చేనులో పడతాయి. స్కాట్లండ్ తుపాకీ ఇక్కడ పనికిరాదు. మన చట్టం కృష్ణజింకను పూర్తిగా కాపాడుతుంది, కాపాడాలి కూడా. మనం తెచ్చుకోవలసింది ఆ బల్ల, ఆ లెక్క. ఏ గుంపు ఎక్కడ పడుకుంటోంది, ఏ నెలలో ఏ ఊరి మీద పడుతోంది, ఎవరికెంత పోయిందన్నది ఊళ్లూ అటవీ శాఖా కలిసి ఒకే పటం మీద రాసుకోవాలి. పరిహారమైనా, గడ్డి భూమి వదలడమైనా, జింకలను తరలించడమైనా దాని తర్వాతి మాట. గ్లెన్‌ఫెషీ చుట్టుపక్కలవాళ్లు ఆ బల్ల దగ్గర సకాలంలో ఒక మాట మీదికి రాలేదు. అందుకే హెలికాప్టర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. మనకు ఇంకా వ్యవధి ఉంది. ఆ కూర్చోవడమేదో ఈ పంటకాలానికి ముందే జరగాలి.