మూసీ వరదలు – చిన్న మల్గీల రక్షణ: ఖర్చెంత? ఫాయిదా ఎంత?

వరదల చరిత్ర చెప్పేటప్పుడు మనం ఆనకట్టల గురించి, వంతెనల గురించి, పోయిన ప్రాణాల గురించి చెప్పుకుంటాం. అది న్యాయమే. కాని నీళ్లు తీసినాక బురద ఎత్తిపోసుకునే చిన్న దుకాణదారు సంగతి పుస్తకాలలో అంతగా కనబడదు. గోడలు నిలిచినా సరే, మాలు పోతే అతని సంసారం అప్పులపాలే. కాబట్టి హైదరాబాదు వరదల చరిత్రను ఒకసారి దుకాణం గడప దగ్గర నిలబడి చూద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగింది. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువులలో 221 తెగినాయి. అఫ్జల్‌గంజ్‌లో నీరు సుమారు 11 అడుగుల ఎత్తున నిలిచింది. వేలాది మంది చనిపోయారు, వేల ఇండ్లు కూలినాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నీటిని నగరంలో కాదు, నగరానికి పైననే ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. దాని ఫలితమే మూసీపై 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నది ఒడ్డు రూపమే మార్చింది.

ఇంత జరిగినా దుకాణాలలోకి నీళ్లు రావడం ఆగలేదు. ఎందుకని? ఆ రెండు జలాశయాలు ఎగువ నుండి వచ్చే నదిని ఆపగలవు గాని, నగరం నెత్తిన పడే వానను ఆపలేవు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి బస్తీలు మునిగినాయి. అంటే పెద్ద పనులు సర్కారు చేసినా, ఆఖరి రెండు మూడు అడుగుల నీటి సంగతి దుకాణదారే చూసుకోవాలి.

మన పెద్దలకు ఇది కొంత తెలుసు. పాత బజార్లలో దుకాణం ముందు ఎత్తయిన అరుగు ఉండేది. గడపలోని గాడిలో నంబర్లు వేసిన చెక్క పలకలు వరుసగా దించి దుకాణం మూసేవారు. తర్వాత ఇనుప షట్టర్లు వచ్చినాయి. వాటి సందుల్లోంచి నీళ్లు ఎంచక్కా లోపలికి వస్తాయి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయేసరికి ఎన్నో మల్గీలు రోడ్డుకంటే దిగువకు పోయినాయి.

ఇప్పుడు చేయదగిన పనులు రెండు రకాలు. మొదటిది, నీటిని బయటే ఆపడం: అరుగు ఎత్తడం, గడపకు గాడి పెట్టి రబ్బరు అంచు ఉన్న పలకలు దించడం, మోరీ నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టడం. దీనికి ఒక హద్దున్నది. మీటరు ఎత్తు నీరు, మీటరు వెడల్పు గోడను సుమారు 500 కిలోల బలంతో నెడుతుంది. ఎత్తు రెండు మీటర్లయితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. అప్పుడు మామూలు ఇటుక గోడ కూలుతుంది. మూడు అడుగులు దాటే చోట నీటితో పంతం పనికిరాదు.

అక్కడ రెండో రకమే మేలు: నీటిని రానిచ్చి, నష్టం కానివ్వకుండా చూడడం. కరెంటు మీటరు, స్విచ్చులు పైకి పెట్టాలి. నేలకు, గోడకు సిమెంటు, బండలు వాడాలి. బియ్యం, బట్టల మూటలు పై అరలలో, ఖాతా పుస్తకాలు, కాగితాలు అటక మీద ఉంచాలి.

ఇక లెక్క చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు మాత్రమే. 2 లక్షల మాలున్న దుకాణంలో నీళ్లు వస్తే సగం పాడవుతుందనుకోండి. ఐదేళ్లకొకసారి వచ్చే చోట ఏడాదికి సగటు నష్టం 20 వేలు. 40 వేలు ఖర్చు పెట్టి అందులో ముప్పాతిక ఆపగలిగితే ఏడాదికి 15 వేలు మిగులుతుంది. మూడేళ్ల లోపే ఖర్చు తిరిగి వస్తుంది. అదే యాభై ఏళ్లకొకసారి వచ్చే చోటైతే మిగిలేది ఏడాదికి 1,500. ఖర్చు రాబట్టడానికి 26 ఏళ్లు దాటుతుంది. అక్కడ అరలు ఎత్తడం వంటి చవక పని చాలు. ముందు తెలుసుకోవలసింది, మన గల్లీలో నీరు ఎన్నిసార్లు, ఎంత ఎత్తున వచ్చిందన్నది. ఇంకో మాట: రాత్రి వాన పడితే పలకలు దించే మనిషి దగ్గర లేకుంటే ఆ పలకలు దండగే.

అసలు చిక్కు వేరే ఉన్నది. గోడ యజమానిది, మాలు కిరాయిదారుది. ఖర్చు పెట్టవలసినవాడు ఒకడు, ఫాయిదా పొందేవాడు మరొకడు. పగిడీ ఇచ్చి తరాల తరబడి ఉన్న మల్గీలలో కిరాయి తక్కువ. యజమాని మరమ్మతుకు ముందుకు రాడు. పరాయి గోడ మీద డబ్బు పెట్టడానికి కిరాయిదారు భయపడతాడు. ఇద్దరూ ఆగుతారు, నీళ్లు మాత్రం ఆగవు. అరుగు, గాడి, వాల్వు వంటి స్థిరమైనవి యజమాని, పలకలు, అరలు వంటి తీసుకుపోదగినవి కిరాయిదారు భరించాలని ఒప్పందంలో రాసుకుంటే ఈ చిక్కు చాలా మట్టుకు తీరుతుంది. వరుస మల్గీలకు మధ్య గోడలు ఉమ్మడివి కనుక ఒక్కడు చేస్తే చాలదు. పక్క దుకాణంలో నిండిన నీరు గోడలోంచి ఊరి ఇటు వస్తుంది. వరుసంతా కలిసి చేయించుకుంటే మేస్త్రీ కూలీ కూడా తగ్గుతుంది.

1908 తర్వాత జలాశయాలు కట్టడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఒక గడపకు గాడి పెట్టడానికి ఒక ఎండాకాలం చాలు. ఆ పని వాన మొదలు కాకముందే కావాలి.