కీర్తిశేషులు శ్రీ సూదిని జైపాల్ రెడ్డిగారు

శ్రీ జైపాల్ రెడ్డిగారు 1942లో జన్మించిరి. శైశవముననే పోలియో వ్యాధి వారి నడకను హరించినది గాని, వాక్కును హరింపఁజాలకపోయినది. ఊఁతకఱ్ఱలతోడనే 1969లో కల్వకుర్తి ప్రతినిధియై శాసనసభ కేఁగిరి. అత్యయిక పరిస్థితిని నిరసించి కాంగ్రెసును వీడిరి. 1980లో మెదకున ఇందిరాగాంధీగారి నెదిర్చి యోడిరి; తల మాత్రము వంపరైరి. 1997లో కేంద్రమంత్రి యైరి. 1998 సంవత్సరపు ఉత్తమ పార్లమెంటేరియను పురస్కార మందిరి. 2019 జూలై 28న దివంగతులైరి.

2016 నాఁటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకుఁ గనీసము నూటికి 4 స్థానములు కేటాయించినది. అయినను చట్టము గడపవఱకే వచ్చును. లోపలి బిడ్డను బడికిఁ బంపవలసినవారము మనమే. కుంటివాఁడని మూలఁ గూర్చుండఁబెట్టిన బాలుఁ డొక్కఁడు మన కులమున నున్నను, వారి చిత్రపటమునకు మనము వేయు పూలమాల వ్యర్థమే. సోదరులారా, యోచింపుఁడు.